కొత్త పెళ్ళికూతురు చేసిన సర్వే

ఆ శనివారం పొద్దున ఊనా అనుకున్న పనులు మూడే. ఊళ్ళో కొన్ని ఇళ్ళు తిరిగి సర్వే ముగించడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఉడికిన బంగాళాదుంపల మీద వెన్న కరిగేలోగా మొగుడికి వడ్డించడం, సాయంత్రం ఇద్దరూ ఒకే గొడుగు కింద సముద్రం దాకా నడిచి రావడం. ఇంట్లో గొడుగులు రెండున్నాయి. కానీ పెళ్ళై ఇంకా నెల కూడా తిరగలేదు కాబట్టి రెండో గొడుగు సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

అది పంతొమ్మిది వందల తొంభై అయిదు నవంబరు. ఐర్లండులో విడాకులు ఉండాలా వద్దా అని ఆ నెల చివర్లో దేశమంతా ఓటు వెయ్యబోతోంది. అప్పటిదాకా అక్కడ పెళ్ళిలోకి వెళ్ళడానికే తలుపు ఉంది, బయటికి రావడానికి లేదు. అంతకుముందు జరిగిన సర్వేల్లో 'అవును' పక్షం బోలెడంత ముందుంది. చలి ముదిరేకొద్దీ ఆ ఆధిక్యం వేడినీళ్ళలో పడ్డ ఉన్ని స్వెటరులా కుదించుకుపోతూ వచ్చింది. అందుకని డబ్లిన్‌లోని ఒక సర్వే కంపెనీ హడావుడి పడి ఊరూరికీ మనుషుల్ని తోలింది. పశ్చిమ తీరాన బాలిక్లూన్ అనే ఊరికి ఆ మనిషి ఊనా.

"చూడమ్మా, ప్రశ్న అడిగేటప్పుడు నీ ముఖం గోడలా ఉండాలి. ఎవరేం చెప్పారో ఎవరికీ చెప్పకూడదు. కట్టుకున్నవాడికి కూడా" అని డబ్లిన్ నుంచి క్విర్క్ గారు ఫోన్లో మరీ మరీ చెప్పాడు.

"అలాగేనండీ" అంది ఊనా నవ్వుతూ. ఆ నెలంతా ఆమె ఏ మాటైనా నవ్వుతూనే అంటోంది.

ఊనా, లోర్కన్ పోస్టాఫీసు పైనున్న రెండు గదుల్లో కాపురం పెట్టారు. లోర్కన్ బడిలో భూగోళం చెబుతాడు. కింద పోస్టాఫీసు నడిపేది ఊనా పిన్ని అసంప్టా. పై గదిలో మంచం పాతది, కాస్త కదిలితే చాలు కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా కింద పిన్ని స్టాంపుల మీద ముద్రలు కొంచెం గట్టిగా కొడుతుంది.

పిన్నికి పెళ్ళి కాలేదు. కాకపోవడానికి కారణం వీధికి అవతలి పక్కన పందేల దుకాణం నడిపే మాలకీ. అతనికి ఒకప్పుడు పెళ్ళైంది. భార్య ఊనా చిన్నతనంలోనే ఒక పియానోలు అమ్మేవాడితో లివర్‌పూల్ వెళ్ళిపోయింది. మనిషి వెళ్ళిపోయింది గాని పెళ్ళి వెళ్ళలేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం మాలకీ పిన్ని ఇంట్లో భోంచేసి, గిన్నెలు తుడిచిపెట్టి, టోపీ పెట్టుకుని తన ఇంటికి తను పోతాడు. ఊనా అతన్ని మొదటినుంచీ 'బాబాయ్' అనే పిలుస్తుంది. చట్టానికి తెలియకపోయినా బాబాయి బాబాయే కదా.

ఊనా మెట్లు దిగుతుంటే పిన్ని కౌంటరు వెనకనుంచి పిలిచింది. "అమ్మడూ, జనం ఏమంటున్నారో వచ్చేటప్పుడు..."

"చెప్పకూడదు పిన్నీ."

"చెప్పొద్దులే. నా ముందునుంచి ఒక్కసారి నడిచి వెళ్ళు చాలు."

మొదటి ఇల్లు టాన్సీ మామ్మది. మామ్మ తలుపు తీసి, ఊనా ముఖం చూసి, వేలి ఉంగరం చూసి, పొంగిపోయి లోపలికి లాక్కుపోయింది. టీ పోసింది. ఎండుద్రాక్ష రొట్టె కోసి వెన్న దట్టంగా పూసింది. ఊనా ముఖాన్ని గోడలా చేసుకోవడానికి గట్టిగా ప్రయత్నించి, "విడాకుల చట్టానికి మీరు అవును అంటారా, కాదంటారా మామ్మా?" అని అడిగింది.

మామ్మ చుట్టూ చూసింది. నిజానికి ఆవిడ పెద్దకూతురు కాపురం పెటాకులై రెండేళ్ళుగా వెనక గదిలోనే ఉంటోంది. ఆ పిల్ల కోసం మామ్మ అవును మీదే గుర్తు పెట్టాలని ఏనాడో తీర్మానించుకుంది. కానీ ఎదురుగా ఉన్నది నిన్నగాక మొన్న పెళ్ళైన పిల్ల. జుట్టులో ఇంకా పెళ్ళినాటి వంపు కూడా పోలేదు.

"కాదనే రాసుకో తల్లీ" అంది మామ్మ. "ఇంకో ముక్క తిను."

రెండో ఇల్లు డిన్నీది. గొర్రెలు మేపుకునే మనిషి, మనసులో మాట నోట్లో ఆగదు. "అవును..." అని మొదలుపెట్టాడు. పక్కనున్న భార్య పెగ్ బల్ల కిందనుంచి అతని తొడ మీద గట్టిగా గిల్లింది.

"అవును, ఏమడిగావు?" అన్నాడు డిన్నీ నీళ్ళు తిరిగిన కళ్ళతో. "విడాకులా? ఛ, కాదు. కాదని పెట్టు."

ఆ గిల్లుడు ఊనా చూసింది. ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా బల్ల కింద ఈ సరసాలేమిటా అని మురిసిపోయింది. లోర్కన్ కూడా ముసలివాడయ్యాక తనని ఇలాగే గిల్లితే బావుండుననుకుంది.

అన్ని ఇళ్ళలోనూ అదే టీ, అదే రొట్టె, అదే 'కాదు'. ఆ ఊరివాళ్ళు చచ్చిన గొర్రె గురించి కూడా దాని యజమాని ఎదుట మంచి మాటే చెబుతారు. అలాంటివాళ్ళు కొత్త పెళ్ళికూతురి ముఖం మీద విడాకులు కావాలని ఎలా అంటారు? ఇంటింటికీ ఊనా పొట్ట నిండింది, కాగితాలు నిండాయి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పిన్ని గుర్తొచ్చి కాళ్ళు బరువెక్కాయి.

పోస్టాఫీసులో ఆమె గోడలాంటి ముఖంతో పిన్ని ముందునుంచి నడిచింది. మెట్ల దాకా వెళ్ళింది.

"అందరూ కాదన్నారా?" అంది పిన్ని.

"నేనేం చెప్పలేదు పిన్నీ" అంటూ ఊనా ఏడ్చేసింది.

అసంప్టా ముద్ర కొట్టే చెక్క పక్కన పెట్టి, వీధి దాటి, పందేల దుకాణంలోకి వెళ్ళింది. ఏం చెప్పిందో గాని, చాలాసేపటిదాకా దుకాణంలో దీపం ముందు రెండు నీడలు కదలకుండా కనిపించాయి.

మాలకీ దుకాణం అద్దాల వెనక ఒక నల్లబల్ల ఉంది. గుర్రాలు, కుక్కలు, ఈసారి క్రిస్మస్‌కి మంచు పడుతుందా లేదా, అన్నింటి రేట్లూ దాని మీదే. అప్పటిదాకా దాని మీద 'అవును, పౌండుకి పావు పౌండు లాభం' అని ఉండేది. అవును గెలుస్తుందని అందరికీ తెలిసినప్పుడు ఎక్కువ ఎవరిస్తారు? ఆ సాయంత్రం మాలకీ ఆ అక్షరాలు చెరిపి, 'అవును, పౌండుకి నాలుగు పౌండ్లు' అని రాశాడు.

మర్నాడు ఆదివారం భోజనాల దగ్గర మాలకీ సంజాయిషీ చెప్పుకున్నాడు. "దేశం సంగతి నాకు తెలీదమ్మా ఊనా. సొంత ఊళ్ళోనే ఒక్కరూ అవుననలేదంటే ఇంక ఆశేముంది? ఈ జన్మకి మా పెళ్ళి కాదు. కనీసం నాలుగు డబ్బులైనా మిగలాలిగా. అవును మీద జనం పందెం కాస్తే, కాదు గెలిచాక ఆ సొమ్ముతో మీ పిన్ని పోస్టాఫీసు కప్పు బాగుచేయిస్తా. పెళ్ళాం లేకపోయినా, తడవకుండా కూర్చుని అన్నం తినొచ్చు."

"మరి అవును గెలిస్తే బాబాయ్?"

"గెలిస్తే అసంప్టా దొరుకుతుంది. ఎటు పోయినా ఏదో ఒకటి దక్కుతుంది. ఏడుపుని సగం చేసుకోవడానికి ఇంతకంటే తెలివైన పద్ధతి లేదు" అన్నాడు మాలకీ. మాట పూర్తయ్యేసరికి కళ్ళు చెమర్చాయి. పిన్ని అతని పళ్ళెంలో ఇంకో గరిటె గ్రేవీ పోసింది.

సోమవారం పొద్దున క్విర్క్ గారి ఫోను వచ్చింది. "ఏవమ్మా, దేశంలో ఎక్కడా ఇంత ఏకపక్షంగా రాలేదు. నీ అంకెలు నమ్మొచ్చా?"

"మా ఊరి పందేల రేటు కూడా అలాగే ఉందండీ. అవునుకి నాలుగంటే నాలుగు ఇస్తున్నారు."

అవతల పెద్ద నిట్టూర్పు. "హమ్మయ్య. సర్వే ఒకపక్క, రేటు ఇంకోపక్క. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకటే చెబుతున్నాయంటే ఇంక తిరుగులేదు."

ఊనాకు ఏదో కొద్దిగా తేడాగా అనిపించింది. కానీ అప్పుడే లోర్కన్ వెనకనుంచి వచ్చి ఆమె జడ విప్పడంతో అదేమిటో మర్చిపోయింది.

ఆ రేటు చూసి ఊరు నోరు తెరిచింది. ఊరి మాట ఎలా ఉన్నా దేశం అవునంటుందని, మాలకీకి మతి పోయిందని ఎవరికి వారే నిర్ధారించుకున్నారు. ఊనాకి అబద్ధంగా కాదని చెప్పింది తానొక్కడేనని, మిగతా ఊరంతా నిజమే చెప్పి ఉంటుందని డిన్నీ అనుకున్నాడు. టాన్సీ మామ్మా అలాగే అనుకుంది. ఇంటి గడప లోపల అందరూ ఒకేలా అనుకోవడంలో ఇబ్బందేమిటంటే, ఎదుటివాడూ అదే అనుకుంటున్నాడని ఎవరికీ తెలియదు. చీకటి పడ్డాక ఒక్కొక్కరే వెనక తలుపునుంచి మాలకీ దుకాణంలోకి దూరి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, అవును మీద డబ్బు కట్టి వెళ్ళారు. టాన్సీ మామ్మ శాలువా ముసుగేసుకుని వచ్చి, తన గొంతు గుర్తుపట్టకుండా మగవాడిలా మాట్లాడింది. మాలకీ మర్యాదగా "అలాగే సార్" అన్నాడు.

ముందు తలుపునుంచి, పట్టపగలు, చక్కగా దువ్వుకుని వెళ్ళినవాడు ఒక్కడే. లోర్కన్.

అతను బయటికొచ్చేసరికి ఎదురుగా పెగ్ నిలబడి ఉంది. "ఏం నాయనా, గుర్రమా?"

"కాదండీ. విడాకుల మీద పెట్టాను" అన్నాడు లోర్కన్ దాపరికం లేకుండా.

అతను పాఠం ముగించి ఇంటికి చేరేలోపే ఆ వార్త ఇల్లు చేరింది. ఊనా చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"పెళ్ళై నెల కాలేదు. విడాకుల మీద డబ్బు పెట్టావా?"

"విడాకులు కావాలని కాదే. గెలుస్తాయని. రెండిటికీ చాలా తేడా ఉంది. వాన పడుతుందని పందెం కాసినవాడు వాన కోరుకున్నట్టా?"

"ఎందుకు పెట్టావు అసలు?"

లోర్కన్ నేల చూపులు చూశాడు. "మంచం కొందామని. కిర్రుమననిది."

ఊనా కోపంగా ఉండాలని ఇంకాస్త ప్రయత్నించింది. కుదరలేదు. గరిటె పొయ్యి పక్కన పెట్టి నవ్వింది. కింద పోస్టాఫీసులో ముద్రలు కొట్టే చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

రెండు రోజుల తర్వాత క్విర్క్ గారు మళ్ళీ ఫోన్ చేశాడు. మాటల్లో ఊనా తన మొగుడు అవును మీద పందెం కట్టాడని, దుకాణం వెనక తలుపు దగ్గర రోజూ సాయంత్రం బురదలో బోలెడు అడుగులు కనిపిస్తున్నాయని చెప్పేసింది. క్విర్క్ గారు కుర్చీలోంచి లేచిన చప్పుడు డబ్లిన్ నుంచి వినిపించింది.

"అంటే నోరు కాదంటోంది, జేబు అవునంటోంది. అమ్మాయ్, నీకు పెళ్ళి ఎప్పుడైంది?"

"ఈ నెల్లోనేనండీ" అంది ఊనా సంతోషంగా.

"చంపావు. వాళ్ళు నీకు కాదమ్మా జవాబు చెబుతోంది, నీ ఉంగరానికి. ఉంగరం తీసి జేబులో వేసుకో. మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళు. మరీ అంత మెరిసిపోతూ వెళ్ళకు. కొంచెం నీరసంగా ఉండు."

ఊనా చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఉంగరం తీసి కోటు జేబులో వేసుకుంది. వేలు బోసిగా ఉంటే నిజంగానే నీరసం వచ్చింది. ఆ రోజు వాన కూడా పడుతోంది. గొడుగు లోర్కన్ పట్టుకెళ్ళాడు. రెండో గొడుగు ఎక్కడుందో ఆమెకు తెలియదు.

టాన్సీ మామ్మ తలుపు తీసింది. తడిసిన జుట్టు చూసింది. దిగులు ముఖం చూసింది. వేలు చూసింది. పెగ్ చెప్పిన పందెం సంగతి గుర్తొచ్చింది. చేతిలో టీపాట్ అలాగే ఆగిపోయింది.

"విడాకుల చట్టానికి మీరు..."

"అవునమ్మా. ముమ్మాటికీ అవును" అంది మామ్మ, ఊనాని గుండెలకు హత్తుకుని. "ఒక్క తప్పుకి జీవితమంతా శిక్ష పడాలా? చిన్నదానివి. ఇంకా బోలెడు వయసుంది."

ఊనాకు ఆ మాటలు అర్థం కాలేదు గాని, రాసుకుంది. డిన్నీ ఇంట్లో డిన్నీ "కాదు..." అని మొదలుపెట్టాడు. క్రితంసారి నేర్చుకున్న పాఠం మనసులో ఉంది పాపం. పెగ్ మళ్ళీ గిల్లింది. "కాదు, అవును" అన్నాడు డిన్నీ, ఇక ఈ ఇంట్లో తన అభిప్రాయం ఏమిటో తనకే తెలియని పరిస్థితిలో. పెగ్ ఊనా చెయ్యి నిమిరి, "భూగోళం మాస్టర్లంతే తల్లీ, చూపులెప్పుడూ దూరంగానే ఉంటాయి" అంది.

సాయంత్రం లోర్కన్ ఇంటికొచ్చేసరికి అతని చేతుల్లో మూడు ఆపిల్ టార్టులున్నాయి.

"ఎవరైనా పోయారా?" అన్నాడు కంగారుగా. "దారిలో ప్రతివాళ్ళూ నా భుజం తట్టారు. హెడ్మాస్టరు గారు నన్ను పక్కకి పిలిచి, తన చెల్లెలి ఇంట్లో గది ఖాళీగా ఉందన్నారు. నాకు గదెందుకు?"

ఊనా అతని ముఖం, టార్టులు, తన బోసి వేలు ఒకదాని తర్వాత ఒకటి చూసింది. సంగతి తెలిసొచ్చాక ఇద్దరూ నేల మీద కూర్చుని కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మూడు టార్టుల్లో రెండు అక్కడే తినేశారు. మర్నాడు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వీధంతా తిరిగారు కూడా. "పాపం, ఊరి కోసం ఎంత బాగా నటిస్తున్నారో" అని ఊరు కళ్ళొత్తుకుంది.

ఇంత గొడవలోనూ ఊనాకు ఒక్క సంతోషం. రెండో సర్వేలో అందరూ అవునన్నారు. పోస్టాఫీసులో పింఛన్ల కోసం వచ్చినవాళ్ళు వరసలో నిలబడి ఉండగా, ఆమె గోడలాంటి ముఖంతో పిన్ని ముందునుంచి నడిచింది.

పిన్ని చేతిలోని నోట్లు కౌంటరు మీద రాలిపోయాయి. "అందరూ అవునన్నారా?"

అప్పుడే మాలకీ దుకాణం పన్ను కట్టడానికి లోపలికొచ్చాడు. ఆ మాట విని టోపీ తీసి గాల్లోకి విసిరాడు. టోపీ కిందికి వచ్చేలోపు అతని ముఖం రంగు మారిపోయింది. పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు.

"అసంప్టా, ఊరంతా అవును మీదే కట్టారు. పౌండుకి నాలుగు. అవును గెలిస్తే మన పెళ్ళవుతుంది. దుకాణం పోతుంది, ఇల్లు పోతుంది, నా ఒంటి మీది కోటు కూడా పోతుంది."

"ఇప్పుడు రేటు మార్చరాదూ?"

"రాసిచ్చిన చీటీలకి రేటు మారదు. మాటంటే మాటే."

పింఛన్ల వరస గాలి పీల్చడం మర్చిపోయింది. చీటీ జేబులో లేనివాడు ఆ వరసలో ఒక్కడూ లేడు. చీకటి పడేలోగా ఆ సంగతి ఊరు దాటి గొర్రెల మందల దాకా వెళ్ళింది. ఆ తర్వాత పోలింగు రోజుదాకా మాలకీ ఎక్కడ కనిపించినా జనం ఆగి అతని చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టారు.

"నువ్వేం దిగులుపడకు మాలకీ. మేమున్నాం" అన్నాడు డిన్నీ.

"మేమున్నాం కదా నాయనా" అంది టాన్సీ మామ్మ.

మాలకీ ఒక రాత్రి అసంప్టాతో అన్నాడు. "ఎంత మంచి జనం. నా పెళ్ళి కోసం ఊరే కదులుతోంది. పోతే పోనీ దుకాణం. నువ్వు స్టాంపులు అమ్ము, నేను పార్సిళ్ళు తూస్తాను." అసంప్టా కప్పునుంచి కారుతున్న నీళ్ళ కింద గిన్నె సరిచేసింది.

పోలింగు నాడు పశ్చిమ తీరమంతా గాలివాన. చుట్టుపక్కల ఊళ్ళలో జనం పొయ్యి ముందునుంచి కదల్లేదు. బాలిక్లూన్‌లో మాత్రం బడి దగ్గర బారు తీరింది. కర్రల మీద నడిచేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, ఎప్పుడూ ఓటు వెయ్యనివాళ్ళు అందరూ తడుస్తూ నిలబడ్డారు. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ బయట నిలబడ్డ మాలకీ వైపు చూసి, గుండె మీద చెయ్యేసుకుని, అర్థమైందన్నట్టు తల ఊపారు. మాలకీ కూడా ఊపాడు. వానలో అతని కన్నీళ్ళు ఎవరికీ కనబడలేదు. ఊనా, లోర్కన్ ఒకే గొడుగు కింద వెళ్ళి రెండు అవునులు వేసి వచ్చారు.

మర్నాడు లెక్కింపు. జిల్లా కేంద్రంలో హాలు కంచె మీదికి వాలి, పెట్టె తెరవగానే మడతలు విప్పే చేతుల్ని చూసి లెక్క కట్టడంలో జార్లత్ అనేవాడికి మంచి పేరు. ఏ ఊరి పెట్టెలో ఏముందో అందరికంటే ముందు చెప్పేది అతనే. బాలిక్లూన్ జనమంతా పోస్టాఫీసులో రేడియో చుట్టూ మూగి ఉండగా అతని ఫోను వచ్చింది. పిన్ని అందుకుంది. విని, ఫోను పెట్టి, జనం వైపు తిరిగింది.

"జార్లత్ మన పెట్టె తెరవడం చూశాడట. కాదు, కాదు, కాదు, ఇలా పోయిందట వరసగా. అవునులు వేళ్ళ మీద లెక్కపెట్టాడట. ఒక చెయ్యి చాలిందట."

మాలకీ లేచి నిలబడ్డాడు. చుట్టూ ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఎవరూ అతని కళ్ళలోకి చూడలేదు. "మేమున్నాం అన్నారుగా?"

"ఉన్నాం కదా" అన్నాడు డిన్నీ నొచ్చుకుంటూ. "నీ దుకాణం ఎక్కడ పోతుందోనని, మనసు చంపుకుని మరీ కాదు మీద గీశాను. జీవితంలో మొదటిసారి పెగ్ గిల్లకుండా నా అంతట నేను తీసుకున్న నిర్ణయం."

"మా అమ్మాయి ఉసురు తగిలినా సరేనని నేనూ అదే చేశాను నాయనా" అంది టాన్సీ మామ్మ. "నువ్వు వీధిన పడితే చూడలేక."

"మరి నా పెళ్ళి?"

"దివాలా తీసిన మొగుణ్ణి అసంప్టాకి ఎలా అంటగడతాం చెప్పు? ఆడపిల్ల బతుకు ఆలోచించవద్దూ?" అంది పెగ్.

"అయితే చీటీలు చింపేశారా?"

అందరి చేతులూ జేబుల మీదికి వెళ్ళాయి. డిన్నీ గొంతు సవరించుకున్నాడు. "చీటీ సంగతి వేరు. దేశం అవునంటే మనం మాత్రం ఏం చేస్తాం?"

మాలకీ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే రేడియోలో ఫలితం చెప్పారు. దేశం వెంట్రుకవాసి తేడాతో అవునంది.

పోస్టాఫీసులో ఎవరికీ ఏ ముఖం పెట్టాలో తెలియలేదు. ఒకే గుక్కలో మాలకీ పెళ్ళికొడుకూ అయ్యాడు, నిలువునా మునిగాడు. జనం ముందు చప్పట్లు కొట్టబోయి, మధ్యలో ఆపి, టోపీలు తీసి తలలు వంచుకుని, మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఊనా పరుగెత్తి వెళ్ళి పిన్నిని కౌగిలించుకుంది.

"సరే, ఆ నాలుగైదు అవునులూ ఎవరివో నాకు తెలుసు" అన్నాడు మాలకీ, గర్వం నిండిన గొంతుతో. "ఊరంతా తప్పుకున్నా నిలబడ్డవాళ్ళు. నాదొకటి. ఊనాదొకటి, లోర్కన్‌దొకటి. నా అసంప్టాదొకటి..."

"నాది కలపకు" అంది అసంప్టా.

రేడియో ఎవరో ఆపేశారు.

"అలా చూడకు మాలకీ. పెళ్ళి లేకుండా ఇన్నేళ్ళు ఆదివారాలు హాయిగా గడిపాం. దుకాణం లేకుండా సోమవారం నుంచి శనివారం దాకా నువ్వు నా కౌంటరు వెనకే ఉంటావు. పార్సిళ్ళు తూస్తానన్నావే, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

మాలకీ టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అతని భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అని జనం దగ్గరికి వెళ్ళారు. నవ్వుతున్నాడు.

"పార్సిళ్ళు తూచను. ఒట్టు" అన్నాడు. "చేసుకుంటావా?"

"దానికేం, చేసుకుంటాను" అంది అసంప్టా. "చట్టం అమల్లోకి రానీ ముందు. వాళ్ళెంత తొందరగా చేస్తారో మనకి తెలియనిదేముంది."

సోమవారం మాలకీ దుకాణం తెరిచాడు. బ్యాంకునుంచి తెచ్చిన డబ్బంతా బల్ల మీద పేర్చుకుని కూర్చున్నాడు. ఈసారి జనం ముందు తలుపునుంచే వచ్చారు. ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో కేకు. "శుభాకాంక్షలు మాలకీ, చాలా సంతోషం, ఇదిగో" అంటూ రెండూ ఒకేసారి చాచారు. మాలకీ ఒక్క పౌండు కూడా తగ్గించకుండా ఇచ్చాడు. మధ్యాహ్నానికి బల్ల మీద కేకులు తప్ప ఏమీ మిగల్లేదు.

డబ్బు తీసుకుని బయటికొచ్చినవాళ్ళు ఇంటికి వెళ్ళలేకపోయారు. వానలో కాసేపు నిలబడి, జేబు తడుముకుని, నేలచూపులు చూసి, ఒక్కొక్కరే వీధి దాటి పోస్టాఫీసులోకి వచ్చారు. అసంప్టా దగ్గర శుభాకాంక్షల కార్డు ఒకటి కొన్నారు. ఆ నోట్లు మడిచి అందులో పెట్టారు. కొందరు మొత్తం పెట్టారు, కొందరు తమ పెట్టుబడి తీసుకుని మిగతాది పెట్టారు. డిన్నీ మొత్తం పెట్టాడు, పెగ్ చూడనప్పుడు. లోర్కన్ తన వంతు కార్డులో పెడుతూ పై గది వైపు ఒకసారి దిగులుగా చూశాడు. "కిర్రుమంటే అంటుందిలే" అని ఊనా అతని చెవిలో చెప్పింది. మనిషి ఎదుట ఇస్తే మాలకీ చిన్నబుచ్చుకుంటాడని, వీధికి అవతలున్న అతని పేరు కవరు మీద రాసి, స్టాంపు అంటించి, అందరూ మర్యాదగా పోస్టులోనే వేశారు.

సాయంత్రం క్విర్క్ గారి ఫోను వచ్చింది. సర్వేలో ఒకసారి కాదని, ఇంకోసారి అవునని, పందెంలో అవునని, పెట్టెలో మళ్ళీ కాదని చెప్పిన ఊరు దేశంలో ఇదొక్కటేనని, ఇకముందు బాలిక్లూన్‌ని ఏమీ అడగబోమని చెప్పాడు. ఊనా "అలాగేనండీ" అంది నవ్వుతూ.

మర్నాడు ఆ కార్డులన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని అసంప్టా తనే వీధి దాటి మాలకీకి అందజేసింది. మొత్తం వ్యవహారంలో నికరంగా లాభపడింది తపాలా శాఖ ఒక్కటే.